పాత మేకులు, పాత మేకలు: కోతలు కోసేవాళ్ళంతా ఇటు రండి

పాతతాడు
కొండలెక్కేవాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చుంటే అబద్ధం పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. వాటన్నిటికీ ఒక చోటు ఉంటే బాగుంటుందని ఈ థ్రెడ్ తెరుస్తున్నా. రూల్ ఒక్కటే. మీతో ఎక్కిన జంతువు గురించి ఎంత కోతైనా కోయండి, ఎవరూ అడ్డం పడరు. వాడిన సామాను మాత్రం నిజంగా ఉన్నదై ఉండాలి, ఆ కాలానిదే అయి ఉండాలి.

మొదటి కోత నాదే.

హార్నెస్సులు (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలు) రాకముందు ఎలా ఎక్కేవాళ్ళో అలాగే ఎక్కి చూడాలని నాకు పిచ్చి పట్టింది. నడుముకి తాడు కట్టుకోవడం, బిలే (ఎక్కేవాడు పడిపోకుండా రెండోవాడు తాడు పట్టి కాపు కాయడం) కూడా నడుము చుట్టూ తాడు తిప్పి ఇవ్వడం. తాడు జనపనారది. ఆ తాడుకి రెండో కొస పట్టుకోడానికి బుద్ధున్న మనిషి ఎవడూ ముందుకు రాలేదు. ఒక మేక వచ్చింది.

లీడ్ (ముందు ఎక్కడం) అదే చేసేది. పైన గట్టు మీద నిలబడి, నేను ఎక్కేకొద్దీ వదులైన తాడుని వదులైనట్టే తినేసేది. మనుషులకైతే "టైట్! టైట్!" అని గొంతు పోయేలా అరవాలి. దీనికి ఒక్కసారి కూడా అరవలేదు. అంగుళం స్లాక్ ఉండనిస్తే ఒట్టు! సగంలో చేతుల్లో సత్తువ అయిపోయి "దింపవే తల్లీ" అంటే, తిన్న తాడుని నెమరుకి తెచ్చుకుని జానెడు జానెడు వదిలేది. ఒక్క కుదుపు కూడా తెలిసేది కాదు. అంత మెత్తగా దింపే బిలే పరికరం ఇప్పటికీ మార్కెట్లో లేదు.

తాడు సీజన్ సీజన్‌కీ పొట్టిదవుతోందని కొంచెం ఆలస్యంగా గమనించాను. అప్పటికి మేక బాగా ఒళ్ళు చేసింది.

తుప్పుమేకు
పాతతాడు గారూ, పరిశీలించాను. షరతుల మీద ఒప్పుకుంటున్నాను.

జనపనార అన్నారు, సరే. కానీ ఆ రోజుల్లో మనీలా తాళ్ళు కూడా వాడేవారు. అవి అబాకా అనే అరటి జాతి మొక్క నారతో పేనినవి. మీ మేక తిన్నది ఏదో స్పష్టంగా చెప్పాలి. ఇంకొకటి, ఇది నైలాన్ తాడుతో జరిగిందని రేపు ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను. నైలాన్ తాళ్ళు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. ఇప్పుడు మనం వాడే రకం, అంటే లోపల పోగుల కట్ట, దానిపైన అల్లిన తొడుగు, 1953లో ఎడెల్రిడ్ అనే కంపెనీ వాళ్ళు తెచ్చింది. దాన్ని మేక నమలగలదు గానీ నెమరుకి తేలేదు. నార తాడు గడ్డి కిందే లెక్క.

మేక బిలే ఇవ్వడం మీద నాకు అభ్యంతరం లేదు.

కొత్తబూటు
నెమరేసిన తాడుతోనే మళ్ళీ ఎక్కారా బాబాయ్??

పాతతాడు
కడిగే ఎక్కాం తమ్ముడూ.

తుప్పుమేకు
కడగకూడదు. నార తాడు తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుంది. ఆపైన చలికి గడ్డకట్టిందంటే కర్రలా నిలబడుతుంది, ముడి వేయాలన్నా పడదు, పడిందా ఊడదు. ఇది కోత కాదు, ఆ కాలం వాళ్ళు నిజంగా పడ్డ బాధ.

గంటలగౌరి
నా పార్టనర్ ఆవు.

నవ్వకండి. నా దగ్గర పెద్ద సైజు హెక్సులు (రాతి పగుళ్ళలో ఇరికించి తాడు తగిలించే ఆరు పలకల లోహపు ముక్కలు) ఉండేవి. నడుముకి తగిలించుకుని అప్రోచ్ (కొండ కిందిదాకా నడక) మొదలుపెడితే గణగణలాడుతూ లోయంతా మోగేవి. వాటిని కౌబెల్స్ (ఆవు గంటలు) అని వెక్కిరించేవాళ్ళు. ఆ చప్పుడుకి ఒక ఆవు నా వెనకాలే నడవడం మొదలుపెట్టింది. రూట్ కిందికి వచ్చాక తిరిగి వెళ్ళిపోతుందనుకున్నా. వెళ్ళలేదు.

రూట్‌లో ఒక వెడల్పాటి చిమ్నీ (ఒళ్ళంతా దూరేంత పగులు) ఉంది, నా దగ్గరున్న ఏ సామానూ సరిపడనిది. ఆవు అందులో దూరి నిలబడింది. ఇక చూడండి! హెక్స్ ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు కదా, ఆరు పలకలూ సమానం కావు, ఒకవైపు తిప్పి పెడితే ఒక వెడల్పు, ఇంకోవైపు తిప్పితే ఇంకో వెడల్పు. ఆవు కూడా అంతే. మూతి ముందుకి పెడితే ఒక సైజు, అడ్డం తిరిగితే ఇంకో సైజు. ఊపిరి బిగపడితే మధ్యలో సైజు కూడా దొరికేది. బరువు పడేకొద్దీ ఇంకా గట్టిగా బిగుసుకునేది.

క్రక్స్‌లో (రూట్‌లో అన్నిటికన్నా కష్టమైన చోట) చేయి జారి పడ్డాను. ఆవు వెంట్రుకవాసి కదల్లేదు. తల తిప్పి నన్ను ఒకసారి చూసి, గోడకి మొలిచిన గడ్డి పీక్కుంటూ ఉండిపోయింది. ఇది 1968 ఎండాకాలం మాట.

తుప్పుమేకు
> ఇది 1968 ఎండాకాలం మాట.

కుదరదు గౌరి గారూ. ఆరు పలకల హెక్సెంట్రిక్‌ని షూనార్డ్ కంపెనీ 1971లో తెచ్చింది. షూనార్డ్, టామ్ ఫ్రాస్ట్ కలిసి చేసిన డిజైన్. 1968లో మీ నడుముకి వేలాడి మోగినవి ఏమిటి మరి? ఆవు ప్రొటెక్షన్‌గా (పడితే ఆపే ఆధారంగా) నిలబడ్డం, బరువుకి బిగుసుకోవడం, అవన్నీ బాగానే ఉన్నాయి. హెక్సులు మాత్రం తీసేయాలి.

గంటలగౌరి
ఆవు 1968లోనే ఉంది. దాన్ని చూసే 1971లో హెక్స్ చేశారు. నేను ఎవరి పేరూ చెప్పను, చెబితే పేటెంట్ గొడవలొస్తాయి.

తుప్పుమేకు
అలాగైతే గంటలు?

గంటలగౌరి
ఆవు మెడలోవి.

తుప్పుమేకు
సరే.

చాక్‌పొడి
నా పార్టనర్ నత్త. స్పీడ్ తక్కువే, ఒప్పుకుంటా. కానీ మల్టీపిచ్‌లో (పిచ్ అంటే ఒక తాడు పొడవు, అలాంటివి చాలా ఉన్న రూట్‌లో) చీకటి పడితే అందరూ బివీ (కొండ మీదే రాత్రి గడపడం) కోసం గట్టు వెతుక్కునేవాళ్ళు, అది ఇల్లు దించకుండా పడుకునేది. పైగా ఓవర్‌హ్యాంగ్ (ముందుకు వాలిన గోడ) అంటే ఏంటో దానికి తెలియదు.

అంతకుముందు ఒక ఐబెక్స్‌తో (అడవి కొండమేకతో) ఎక్కేవాణ్ణి. దాని గురించి చెబితే కడుపు మండుతుంది. ఇటలీలో చింజినో డ్యామ్ ఉంది చూడండి, దాదాపు నిలువుగా ఉండే రాతి గోడ. ఐబెక్సులు దాని మీద తాడూ గీడూ లేకుండా తిరుగుతూ రాళ్ళలోంచి ఊరే ఉప్పు నాకుతుంటాయి. ఫొటోలు బోలెడున్నాయి, ఇంతవరకు నిజమే. మా వాడు ఆ గోడ మీంచి వచ్చినవాడే. సమస్య ఏంటంటే, పట్టుల మీద ఎక్కడ తెల్లగా కనిపిస్తే అక్కడ నాకేస్తాడు. నేను చాక్‌తో (చేతులు జారకుండా రాసుకునే తెల్ల పొడితో) గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళడం, వాడు వెనకే వచ్చి శుభ్రంగా తుడిచిపెట్టడం. తిరిగి చూస్తే ఆ రూట్ ఎవరూ ముట్టుకోనట్టు మెరిసిపోయేది. నా చాక్ బ్యాగ్‌లో తల పెట్టి ఇరుక్కుపోయిన రోజు ఇద్దరం విడిపోయాం.

తుప్పుమేకు
జిమ్నాస్టులు వాడే చాక్‌ని కొండలకి తెచ్చింది జాన్ గిల్, 1950లలో. మీ కథ దాని తర్వాతదైతే నాకు ఇబ్బంది లేదు.

కొండచిలువ
అందరూ ఆవులూ మేకలూ అంటున్నారు. అసలైన జంతువుని మరిచిపోయారు. ఉడుము!

1670లో శివాజీ సేనాని తానాజీ మాలుసరే కొండాణా కోట (తర్వాత సింహగఢ్ అన్నారు) పట్టుకున్నప్పుడు యశవంతి అనే ఉడుముకి తాడు కట్టి గోడ మీదికి వదిలాడని కథ. అది ఎక్కనని వెనక్కి వచ్చేసిందట. ఈసారి ఎక్కకపోతే చంపేస్తానని బెదిరిస్తే అప్పుడు ఎక్కి పట్టు పట్టిందట. లీడర్‌కి అంతటి ప్రోత్సాహం ఇచ్చే సెకండ్ (వెనక ఎక్కేవాడు) నాకింతవరకు దొరకలేదు.

ఆ కథ విని నేనూ ఒకదాన్ని తెచ్చుకున్నా. ఎక్కింది, పగులులోకి దూరింది, గోళ్ళు దింపింది, ఉబ్బింది. ఉడుముపట్టు అని ఊరికే అనలేదు. ముగ్గురం వేలాడాం, హాల్ బ్యాగ్ (సామాను సంచి) వేలాడదీశాం. పైనుంచి రాయి దొర్లొచ్చి దాని నెత్తిన పడింది, కన్ను కూడా ఆర్పలేదు. ఇక్కడివరకు బ్రహ్మాండం. పైకి చేరాక యాంకర్ (మమ్మల్ని పట్టి ఉంచిన ఆధారం, అంటే ఉడుము) తీద్దామంటే వదలదే! బతిమాలాం. తోక పట్టుకుని లాగాం. నట్ కీతో (ఇరుక్కున్న సామాను తీసే పనిముట్టు) గీరాం. చీకటి పడుతోందని చివరికి అక్కడే వదిలేసి వచ్చాం.

ఇప్పుడు ఆ రూట్ గైడ్‌బుక్‌లో "రెండో పిచ్ చివర ఫిక్స్‌డ్ యాంకర్ ఉంది, క్లిప్ చేసేముందు పలకరించండి" అని రాసి ఉంటుంది.

తుప్పుమేకు
ఉడుము సంగతి జానపదం. చరిత్రకారులు చాలామంది దాన్ని నమ్మరు. కోట పట్టుకోవడం మాత్రం జరిగిందే. మీ కథలో తాడు ఏ రకమో రాయలేదు.

కొండచిలువ
మాస్టారూ, మూడొందల యాభై ఏళ్ళనాటి ఉడుము మీద లేని అనుమానం నా తాడు మీద ఎందుకండీ?

ముడివేలు
తీయలేక వదిలేసిన సామాను అంటే గుర్తొచ్చింది. 1970లో ఇటలీకి చెందిన చేజరే మయిస్త్రీ అనే ఆయన పటగోనియాలోని సెరో తోరె శిఖరం గోడ మీదికి పెట్రోల్ ఇంజిన్ కంప్రెసర్ మోసుకెళ్ళి, దాంతో రాతికి తూట్లు పొడుస్తూ వందల బోల్టులు కొట్టుకుంటూ పోయాడు. ఆ కంప్రెసర్‌ని గోడకే వేలాడదీసి దిగి వచ్చేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాని మీద నిలబడి ఊపిరి పీల్చుకునేవారు.

కొత్తబూటు
హహహ ఇది సూపర్. గోడ మీద ఇంజిన్ అంట! ఉడుము కథ కంటే బాగా అల్లారు అన్నా. జంతువు లేదు కాబట్టి ఒక మార్కు కట్.

ముడివేలు
తమ్ముడూ, ఇది నిజంగా జరిగింది.

కొత్తబూటు
చెవిలో పువ్వు పెట్టకండి.

తుప్పుమేకు
కొత్తబూటు, అది నిజమే. ఈ థ్రెడ్‌లో ఇప్పటివరకు వచ్చిన కోతలన్నిటినీ మించిన నిజాలు ఉన్నాయి. మీరు నమ్మకపోయినా రాస్తాను.

అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతి గోడకి ఉన్న నోజ్ అనే రూట్ మీద ఒక పొడుగాటి పగులు ఉంది. 1957లో వారెన్ హార్డింగ్ బృందం దగ్గరున్న పిటన్లు (పగుళ్ళలో కొట్టే మేకులు) దానికి చాలలేదు. ఏం చేశారు? చెత్తలో పారేసిన పాత స్టవ్వుల కాళ్ళు కోసి తెచ్చి, వాటిని పగుళ్ళలో దిగ్గొట్టి ఎక్కారు. రూట్ పూర్తయింది 1958 నవంబర్‌లో. ఆ పగుళ్ళని ఇప్పటికీ స్టవ్‌లెగ్ క్రాక్స్ అనే అంటారు.

జంతువు కావాలా? చింగెల్ అనే ఆడకుక్క. 1865లో గైడ్ క్రిస్టియన్ ఆల్మర్‌తో చింగెల్ కనుమ దాటింది, పేరు అందుకే. 1868లో ఆయన దాన్ని కూలిడ్జ్ అనే కుర్రాడికి ఇచ్చాడు. వాళ్ళిద్దరూ, కూలిడ్జ్ పిన్నిగారు మెటా బ్రెవూర్ట్‌తో కలిసి ఆల్ప్స్‌లో తిరగని చోటు లేదు. శిఖరాలూ కనుమలూ కలిపి 60కి పైనే. 1875లో మోంట్ బ్లాంక్ కూడా ఎక్కింది. దానికి ఎర్ర వైన్ అంటే ప్రాణమట.

1950లో ఒక పిల్లికూన ఎక్కేవాళ్ళ వెనకాలే నడుచుకుంటూ మాటర్‌హార్న్ శిఖరానికి, అంటే 4478 మీటర్లకి చేరింది. 2018లో మేరా అనే వీధికుక్క హిమాలయాల్లో ఒక బృందం వెంటపడి 7129 మీటర్ల బరుంట్సే మీదికి వెళ్ళింది. క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్లకి కట్టే ఇనప ముళ్ళు) లేవు, పర్మిట్ లేదు.

కొత్తబూటు
నా మార్కులు: స్టవ్వు కాళ్ళు 10/10, పిల్లికూన 9/10 (ముద్దొచ్చింది), వైన్ తాగే కుక్క 8/10. ఇన్నాళ్ళూ మాస్టారికి కోతలు రావనుకున్నా. పిట్టలదొర మన మధ్యే ఉన్నాడు!

తుప్పుమేకు
ఇవి కోతలు కావు.

గంటలగౌరి
వదిలేయండి మాస్టారూ. మీరు ఎంత చెబితే వాడు అంత మార్కులు వేస్తాడు.

చలిగుడారం
కెనడాలో బుగబూస్ కొండలకి వెళ్ళినవాళ్ళు ఉంటే సాక్ష్యం చెప్పండి. అక్కడ ముళ్ళపందులు కార్ల టైర్లూ బ్రేకు గొట్టాలూ కొరికేస్తాయి. పార్కింగ్‌లో కార్ల చుట్టూ కోళ్ళకి కట్టే వలలాంటిది చుట్టి, కర్రలూ రాళ్ళతో బిగించి వెళ్తారు. మొదటిసారి చూసి నేను ఇదేదో తప్పించుకుపోయే కార్ల జైలు అనుకున్నా.

ఇక్కడిదాకా నిజం. ఇకపైన వినండి.

ఒక ముళ్ళపందికీ నాకూ రాజీ కుదిరింది. అది నా బ్రేకు గొట్టాల జోలికి రాదు, నేను దాన్ని కొండెక్కించాలి. సన్న పగుళ్ళ రూట్. వేలి గోరు కూడా పట్టని చోట్లు. అలాంటి చోటికి పనికొచ్చేది రర్ప్, తపాలా బిళ్ళంత పిటన్. నా దగ్గర ఉన్నవి అయిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ముళ్ళపంది నిటారుగా ముళ్ళు లేపి, "ఏది కావాలో తీసుకో" అన్నట్టు నిలబడింది. ఒక్కొక్కటీ పీకి పెట్టుకుంటూ పోయా. సన్నవి సన్న పగులుకి, లావువి లావు పగులుకి, అన్ని సైజులూ ఒకేచోట. ఇంతకన్నా సర్దిన ర్యాక్ (ఎక్కేవాడు వెంట మోసే సామాను వరస) నేను చూడలేదు.

పైకి వెళ్ళేసరికి పాపం దాని వీపు నున్నగా అయిపోయింది. సెకండ్‌గా వస్తూ తన ముళ్ళన్నీ తనే ఊడబెరుక్కుని, తనే గుచ్చుకుని వచ్చింది. ఒక్కటి కూడా పోనివ్వలేదు.

తుప్పుమేకు
రర్ప్ 1960 ప్రాంతంలో వచ్చింది, షూనార్డ్-ఫ్రాస్ట్‌లదే. సైజు సరిగ్గా చెప్పారు. ఆమోదం.

మోడరేటర్
ఈ థ్రెడ్‌ని "పరికరాలు" విభాగం నుంచి "పిచ్చాపాటీ"కి మారుస్తున్నాను. ముళ్ళపంది ముళ్ళకి ఎన్ని కిలోన్యూటన్ల బలం ఉంటుందని ఒకరు సీరియస్‌గా మెసేజ్ పెట్టారు.

కొత్తబూటు
అది నేనే. 😅 సరే, నిజంగా సీరియస్ ప్రశ్న ఒకటి. మా పెద్దవాళ్ళ సామాన్లలో ఒక నార తాడు, కొన్ని మేకులు, రెండు హెక్సులు దొరికాయి. తాడు చూడ్డానికి చాలా బాగుంది. టాప్‌రోప్‌కి (తాడు ముందే పైన కట్టి ఎక్కడానికి) వాడుకోవచ్చా?

పాతతాడు
వద్దు.

ముడివేలు
వద్దు తమ్ముడూ. కోతలన్నీ పక్కన పెట్టి చెబుతున్నా. నార లోపల్నుంచి కుళ్ళుతుంది, పైకి ఏమీ తెలియదు. నార తాళ్ళు కొత్తవిగా ఉన్నప్పుడే లీడర్ పడకూడదు అనేది రూలు. 1865లో మాటర్‌హార్న్ మొదటిసారి ఎక్కి దిగుతున్నప్పుడు తాడు తెగి నలుగురు పోయారు. తెగింది వాళ్ళ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా బలహీనమైన తాడు. ఆ తెగిన ముక్క ఇప్పటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది. వెళ్తే ఎంత సన్నగా ఉందో చూడు.

తుప్పుమేకు
నైలాన్ తాడైనా అంతే. ఒక్కసారి కూడా వాడకుండా దాచినా పదేళ్ళకి మించి వాడొద్దని తయారీదారులే సాధారణంగా చెబుతారు. హెక్సులు లోహం కాబట్టి పగుళ్ళూ వంకరా లేకపోతే పనికొస్తాయి, కానీ వాటికున్న పాత తాడు ముక్కలు కోసేసి కొత్తవి వేయించాలి. మేకులు గోడకి కొట్టి, టోపీలు తగిలించుకోండి. తాడుకి మాత్రం ఎవరూ వేలాడకండి, బట్టలు ఆరేసుకోవచ్చు.

గంటలగౌరి
మాస్టారూ, అందరి కథలకీ ముద్రలు వేస్తున్నారు. మీదొక్కటి కూడా రాలేదు. నిజాలు లెక్కలోకి రావు.

కొండచిలువ
అవును. ఈ పేజీ దాటేలోపు మాస్టారి కోత పడాల్సిందే.

తుప్పుమేకు
నాకు ఎక్కడం నేర్పిన పెద్దాయన చెప్పింది రాస్తాను. సామాను విషయంలో వేలెత్తి చూపే అవకాశం మీకివ్వను.

వేల్స్‌లో క్లాగ్విన్ డూర్ ఆర్దూ అనే పెద్ద గోడ. కాలం 1950లు. అప్పటికి కొని తెచ్చుకునే నట్లు (పగుళ్ళలో ఇరికించే లోహపు ముక్కలు) ఇంకా లేవు. పగుళ్ళలో గులకరాళ్ళు ఇరికించి వాటికి తాడు చుట్టేవారు. ఆ గోడకి వెళ్ళే దారి స్నోడన్ రైలు పట్టాల పక్కనుంచే. పట్టాల వెంట పడి ఉన్న ఇనప నట్లు ఏరుకుని, వాటిలో తాడు గుచ్చి, పగుళ్ళలో దించడం మొదలుపెట్టారు. తర్వాత తాడు కోసుకుపోకుండా లోపలి మరలు ఆకురాయితో రాసి నున్నగా చేసేవారు. మనం ఇప్పుడు వాడే నట్లకి పేరూ పుట్టుకా అదే. ఇది చరిత్ర.

పెద్దాయనకి నడుం నొప్పి. వంగి ఏరలేడు. అక్కడ పసుపు ముక్కు చఫ్ ఒకటి, కాకి జాతి పక్షి, ఆయనకి చేరిక అయింది. పట్టాల మీద తిరిగి నట్లు ఏరి తెచ్చేది. సైజు చెబితే ఆ సైజే తెచ్చేది. ఎక్కేటప్పుడు పక్కనే ఎగురుతూ, ఇరుక్కుపోయిన నట్లని ముక్కుతో తవ్వి తీసేది. నట్ కీలు రాకముందు దానికి మించిన సాధనం లేదు. కూలి కింద తీసిన ప్రతి మూడిట్లో ఒకటి అది ఉంచుకునేది. మెరిసేవి ముందే పక్కన పెట్టుకునేది. ఒకరోజు పెద్దాయన రాపెల్‌కి (తాడు మీద జారి దిగడానికి) నట్ కావాలని అడిగితే, అప్పు ఉంది ముందు తీర్చమని మొహం తిప్పుకుంది.

కొత్తబూటు
10/10. పక్షికి అప్పు!! 😂

చాక్‌పొడి
సామాను అంతా వెతికాను. ఒక్క తప్పు దొరకలేదు. ఛ.

పక్షిప్రియ
ఈ వేదికలో ఇది నా మొదటి పోస్టు. కొండలు ఎక్కను, దుర్భిణి పట్టుకుని కింద నిలబడతాను. ఇంతసేపూ మాట్లాడకుండా ఊరుకున్నాను గానీ ఇక ఆగలేను.

> పసుపు ముక్కు చఫ్ ఒకటి

వేల్స్ కొండల్లో పసుపు ముక్కు చఫ్‌లు ఉండవండీ! అక్కడివి ఎర్ర ముక్కువి. పసుపు ముక్కుది ఆల్ప్స్, హిమాలయాల వైపు ఉంటుంది. ఎక్కేవాళ్ళ వెంటపడి ఎవరెస్ట్ మీద 8200 మీటర్ల దాకా వెళ్ళినట్టు రికార్డు ఉన్నది దానికే. దాని ముక్కు పొట్టిది. ఇరుక్కున్న నట్‌ని అది లాగలేదు. ఎర్ర ముక్కుదైతే పొడుగు, కిందికి వంపు తిరిగి ఉంటుంది, నేలలో పురుగుల్ని తవ్వుకు తినడమే దాని పని. మీ కథకి కావాల్సిన పక్షి అది. ముక్కు రంగు మారిస్తే మిగతాదంతా సరిపోతుంది.

తుప్పుమేకు
అమ్మా, జంతువుల గురించి ఏ అబద్ధమైనా చెప్పొచ్చని మొదటి పోస్టులోనే రూల్ ఉంది.

పక్షిప్రియ
అబద్ధం చెప్పండి, నేనెందుకు కాదంటాను? తప్పు చెబితేనే ఊరుకోను. అప్పు వసూలు చేసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు.

గంటలగౌరి
మాస్టారికి మాస్టారు దొరికారు. పక్షిప్రియ గారూ, స్వాగతం. ఐబెక్స్ చాక్ తినొచ్చా లేదా అనేది కూడా ఒకసారి చూసి చెప్పండి.

పక్షిప్రియ
అది నా విభాగం కాదు.

కొత్తబూటు
ఇంతకీ ఆ నట్లు పక్షి దగ్గర్నుంచి వెనక్కి వచ్చాయా మాస్టారూ?

తుప్పుమేకు
రెండు వచ్చాయి. అవి కూడా తుప్పు పట్టినవి. మిగతావాటి గురించి వచ్చే సీజన్‌లో మాట్లాడదామందట. ముక్కు ఎర్రది, మార్చి చదువుకోండి.